బారికేడ్ల వెనక ఉన్న కొట్టుకు గిరాకీ తేవడం ఎలా: చెన్నై వీధి వ్యాపారులకు తక్కువ ఖర్చు ప్రకటనల మార్గదర్శి

వలసరవాక్కం 2011లో చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. అంతకు ముందు అది వేరే మునిసిపాలిటీ. ఇప్పటికీ ఆర్కాట్ రోడ్డు దిగి సందుల్లోకి నడిస్తే చిన్న ఊరి బజారులాగే ఉంటుంది. పిండిమర, జాకెట్లు కుట్టే దర్జీ, పూలమ్మే అవ్వ, ఇస్త్రీ బండి, తెలుగువాళ్ళ పచ్చళ్ళ కొట్టు, ఆంధ్రా మెస్సు, ఫ్యాన్సీ స్టోరు అన్నీ అక్కడే. సినిమా స్టూడియోల కోసం కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. ఐటీ ఉద్యోగాలకు రామాపురం, పోరూరు వైపు వచ్చిన కుర్రకారు కూడా ఉన్నారు. కొనేవాళ్ళకు కొదవ లేదు.

కొదవల్లా దారికే. మెట్రో రెండో దశలో లైట్‌హౌస్ నుంచి పూందమల్లి దాకా వేసే నాలుగో కారిడార్ 26.1 కిలోమీటర్లు. అందులో ఒక భాగం ఆర్కాట్ రోడ్డు మీదుగానే. పనుల కోసం బారికేడ్లు కట్టి, వన్‌వేలు పెట్టి, మలుపులు మార్చారు. దారిన పోయేవాళ్ళు ఆగి కొనే వ్యాపారాలకు అది పెద్ద దెబ్బ. బోర్డు కనిపించదు, బండి ఆపే చోటుండదు. ఇలాంటి కొట్లను నిలబెట్టుకోవడం మన చేతుల్లో చాలావరకు ఉందని నా గట్టి నమ్మకం. దానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ప్రకటన ఎంత దూరం వెళ్ళాలో ముందు తేల్చుకోవాలి, కొట్టు ఒక్కటే కాకుండా వీధి మొత్తం కలిసి వేసుకోవాలి. మిగతాదంతా ఈ రెంటి చుట్టూ తిరిగే పనే. ఆర్కాట్ రోడ్డును ఉదాహరణగా తీసుకున్నాను. పెరంబూరులో ఉన్నా అంబత్తూరులో ఉన్నా పద్ధతి ఇదే.

మొదటి పని: గల్లాపెట్టె పక్కన ఒక నోటుబుక్కు

పైసా ఖర్చు పెట్టే ముందు ఒక వారం పాటు వచ్చిన ప్రతి ఒక్కరినీ రెండు మాటలు అడగండి. "ఎక్కణ్ణుంచి వస్తున్నారండీ? మన కొట్టు సంగతి ఎలా తెలిసింది?" డబ్బులు తీసుకుంటూ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. జవాబు ఒక్క ముక్కలో రాసుకోండి. "కైకాన్‌కుప్పం, పక్కింటామె చెప్పింది." "ఆళ్వార్ తిరునగర్, ఫోన్లో చూశాడు." "దారిన పోతూ."

వారం తర్వాత ఆ పేజీలు చూస్తే మీ వ్యాపారం ఎంత దూరం పాకిందో తెలిసిపోతుంది. పాలు, కూరగాయలు, ఇస్త్రీకి జనం నాలుగు వీధులు దాటి రారు. మెస్సుకు బండి మీద పది నిమిషాలు వస్తారు. మంచి దర్జీ కోసం, గుంటూరు గోంగూర పచ్చడి కోసం ఊరి అవతలి నుంచి కూడా వస్తారు. నాలుగు వీధుల వ్యాపారానికి ఊరంతా ప్రకటన వేస్తే డబ్బు నీళ్ళపాలే. ఎఫ్ఎం రేడియో లాంటివి వీధి కొట్టుకు పనికిరావని నేననేది ఇందుకే. అది వినే లక్షల మందిలో మీ సందులోకి రాగలిగినవాళ్ళు ఎందరు?

రెండో పని: డబ్బు పెట్టనక్కర్లేనివి ముందు పూర్తి చేయండి

గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు పేరు నమోదు చేసుకోవడం ఉచితం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరిచి పేరు, రకం, సమయాలు, ఫోన్ నంబరు ఇవ్వాలి. ఈమధ్య ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి, బయటి బోర్డు, లోపలి సరుకు, కొట్టు మీదేనని తెలిపేదేదైనా, ఉదాహరణకు తాళం తీయడం, గల్లా దగ్గర నిలబడడం, ఒకే వీడియోలో ఆపకుండా తీసి పంపాలి. పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. "బెస్ట్ ఆంధ్రా మెస్ వలసరవాక్కం" అని తోకలు తగిలిస్తే గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ ఆగిపోవచ్చు.

బారికేడ్లున్న చోట అన్నిటికంటే ముఖ్యం మ్యాపులో పిన్ను. ఆర్కాట్ రోడ్డు మీద పిన్ను ఉండి, నిజంగా లోపలికి వచ్చే దారి పక్క సందులోంచి అయితే, వచ్చినవాడు బారికేడు అవతల నిలబడి చూసి వెనక్కి పోతాడు. పిన్నును ఆ సందు వైపు ఉన్న గుమ్మం మీదికి జరపండి. ఫొటోల్లో మొదటిది సరుకు ఫొటో కాకూడదు. సందు మొదట్లో నిలబడి కొట్టు వైపు తీసిన ఫొటో పెట్టండి, వచ్చేవాళ్ళకు దారి తెలుస్తుంది.

రివ్యూలు అడగడంలో మొహమాటం వద్దు. జాకెట్టు తొడుక్కుని చూసి "సరిగ్గా సరిపోయిందమ్మా" అన్న ఆ నిమిషంలోనే అడగాలి. అయితే రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామనకండి, గూగుల్ ఒప్పుకోదు. ఎవరైనా చెడుగా రాస్తే వాదనకు దిగకుండా, "ఆదివారం రష్‌లో పప్పు అయిపోయిందండీ, ఇకనుంచి ఆదివారం రెండు విడతలు వండుతున్నాం, మళ్ళీ ఒకసారి రండి" అని ఏం మార్చారో చెప్పండి. దాన్ని చదివేది ఆ రాసినాయన ఒక్కడే కాదు, రేపు రాబోయే వంద మంది.

వాట్సాప్ బిజినెస్ కూడా ఉచితమే. క్యాటలాగులో సరుకు ఫొటోలు ధరలతో పెట్టుకోవచ్చు. కొట్టు మూసిన వేళల్లో తనంతట తానే జవాబిచ్చే ఏర్పాటు ఉంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా చేర్చవచ్చు గానీ, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే సందేశం చేరుతుంది. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండక్కా, కొత్తావకాయ రాగానే పెడతాను" అనండి. వారానికి ఒక సందేశం చాలు. రోజూ గుడ్ మార్నింగులు పంపితే బ్లాక్ చేస్తారు.

ఇక బోర్డు. తమిళనాడు దుకాణాల నిబంధనల ప్రకారం బోర్డుపై తమిళం ముందు, పెద్దగా ఉండాలి. తర్వాత ఇంగ్లీషు, ఆ తర్వాత ఇతర భాషలు. 5:3:2 పాళ్ళలో చోటు ఇవ్వాలి. ఆ రెండు పాళ్ళలో తెలుగు హాయిగా పడుతుంది, వదులుకోకండి.

మూడో పని: కరపత్రం

నా లెక్కలో వీధి కొట్టుకు ఇప్పటికీ దీన్ని మించిన సాధనం లేదు. ఇది తేలిపోయేది రాత దగ్గరే. మామూలుగా వచ్చే కరపత్రం ఇలా ఉంటుంది. "శుభవార్త! శుభవార్త! మా వద్ద అన్ని రకముల కుట్టు పనులు సరసమైన ధరలకు నాణ్యతతో చేయబడును. విచ్చేసి మమ్మల్ని ఆదరింపగోరుచున్నాము." చదివినవాళ్ళకు ఇందులో కొత్తగా తెలిసిందేమీ లేదు. ధర తెలియలేదు, ఎన్ని రోజులు పడుతుందో తెలియలేదు, ఎలా రావాలో తెలియలేదు. అదే దర్జీ కొట్టుకు నేనైతే ఇలా రాస్తాను:

"లైనింగ్ జాకెట్టు రెండు రోజుల్లో కుట్టి ఇస్తాం. ధర ఇంత, లైనింగ్ గుడ్డ మాదే.
కొలత జాకెట్టు ఒకటి తెచ్చుకోండి.
ఉదయం 10 నుంచి రాత్రి 8.30. ఆదివారం మధ్యాహ్నం 1 దాకా.
పిండిమర ఎదురు సందులో మూడో కొట్టు. మెయిన్ రోడ్డు మూసి ఉంది, గుడి పక్క నుంచి రండి. బండి అక్కడే ఆపుకోవచ్చు.
ఈ కాగితం తెస్తే ఒక చీరకు ఫాల్ ఉచితం. నెలాఖరు దాకా."

"ఇంత" అన్నచోట అసలు అంకె వేయండి. ధర దాచడం మన వ్యాపారుల్లో పాతుకుపోయిన అలవాటు. ధర చూసి రానివాడు, వచ్చాక ధర విని కూడా కొనడు. ధర చూసి వచ్చినవాడు మాత్రం కొనడానికే వస్తాడు. చివర్లో వాట్సాప్ క్యూఆర్ కోడ్ అచ్చు వేయండి. అది వాట్సాప్ బిజినెస్ సెట్టింగుల్లోనే దొరుకుతుంది.

భాష విషయం చెన్నైలో కాస్త ఆలోచించాలి. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవమంటే చాలామందికి తమిళమే వస్తుంది. పెద్దవాళ్ళు, ఆంధ్రా తెలంగాణల నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు తెలుగు అక్షరం చూడగానే ఆగుతారు. అందుకని ఒక వైపు తమిళం, రెండో వైపు తెలుగు వేయండి. తమిళ వైపు మీ వీధి స్నేహితుడెవరినైనా చదివి దిద్దమనండి, యంత్రం అనువాదంతో నేరుగా అచ్చుకు పోవద్దు.

సైజు ఏ4లో నాలుగో వంతు చాలు. నాలుగైదు వందలైతే డిజిటల్ ప్రింటు, వేలల్లో అయితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు అవుతుంది. మూడు ప్రెస్సుల్లో ధర అడగండి.

పంచడం దగ్గర చాలామంది జారిపోతారు. సిగ్నల్ దగ్గర నిలబడి పంచితే పది అడుగుల్లో కింద పడతాయి. పేపర్ ఏజెంటును కలవండి. తెల్లవారుజామున రోడ్డు మూల పేపర్లు విడదీసే చోటే ఆయన దొరుకుతాడు. "అన్నా, తెలుగు పేపరు వేయించుకునే ఇళ్ళు మన పేటలో ఎన్ని?" అని అడగండి. ఇంటింటి లెక్క ఆయనకు నోటికి వచ్చు. పచ్చళ్ళ కొట్టు అయితే ఆ ఇళ్ళకు మాత్రమే వేయించండి. దర్జీ కొట్టుకు దినతంతి, దినమలర్ వేసుకునే ఇళ్ళు కూడా కావాలి. ఆదివారం పేపర్లో పెద్ద కొట్ల రంగుల కాగితాలు నిండి ఉంటాయి. మంగళవారమో బుధవారమో వేయించండి, మీదొక్కటే జారి ఒళ్ళో పడుతుంది.

అపార్ట్‌మెంట్లలో అసోసియేషన్ సెక్రటరీని అడిగి నోటీసు బోర్డులో పెట్టించండి. అడగకుండా తలుపుల సందుల్లో దూరిస్తే చెడ్డపేరు వస్తుంది. ఆదివారం ఉదయం రెండు గంటలు కింద బల్ల వేసుకుని కందిపొడి, వేడి అన్నం, నెయ్యి రుచి చూపించడానికి ఒప్పుకుంటే, అది వెయ్యి కాగితాలతో సమానం.

నాలుగో పని: వీధిని కలపండి

ఒక్క కొట్టు నెలకు 500 రూపాయలు పెడితే చెప్పుకోదగ్గదేమీ చేయలేదు. పన్నెండు కొట్లు తలా 500 వేస్తే 6,000 అవుతుంది. దాంతో ప్రతి నెలా ఒక పని చేయవచ్చు. అయితే కలిసి చేసే పనుల్లో తగాదాలు చిన్న విషయాల దగ్గరే మొదలవుతాయి, అందుకే ముందే కొన్ని మాటలనుకోండి. చందా అందరికీ సమానం. పేర్లు డోర్ నంబర్ల వరుసలో, ఒకే సైజు అక్షరాల్లో. ఒకే రకం కొట్లు రెండున్నా ఇద్దరూ ఉంటారు. లెక్క పుస్తకం ఒక కొట్టులో అందరికీ కనిపించేలా ఉంటుంది, మూడు నెలలకోసారి చేతులు మారుతుంది.

మొదట చేయాల్సింది వీధి మ్యాపు. ఒక కాగితం మీద వీధి గీసి, కొట్లకు అంకెలు వేసి, కింద అంకెకు ఎదురుగా ఏ కొట్టు, ఏ సరుకు, ఏ వేళలు అని రాయాలి. బారికేడు ఎక్కడ, నడక దారి ఎక్కడ, బండ్లు ఎక్కడ ఆపాలి అనేవి స్పష్టంగా గీయండి. జాకెట్టుకు వచ్చినావిడ అదే కాగితంలో పిండిమర చూసి శనగలు పట్టించుకుని పోతుంది. ఒకరి గిరాకీ ఇంకొకరికి పారడమే వీధి బలం.

రెండోది సంచి. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషిద్ధం. 2021 డిసెంబరులో ప్రభుత్వం "మీండుం మంజప్పై" పేరుతో పసుపు గుడ్డ సంచులను మళ్ళీ వాడుకలోకి తెచ్చే ఉద్యమం మొదలుపెట్టింది. ఒక వైపు వీధి పేరు, రెండో వైపు కొట్ల పేర్లు అచ్చు వేసిన పసుపు సంచి ఏ కొట్టులో కొన్నా దొరికేలా చేయండి, కొన్న ధరకే ఇవ్వండి. అది కూరగాయల బజారుకు, గుడికి, రైలుకు వెళ్తుంది. ఎక్కడికెళ్ళినా మీ వీధి పేరు వెంట వెళ్తుంది.

మూడోది క్యాలెండరు. శివకాశి ప్రెస్సులు వచ్చే ఏటి క్యాలెండర్ల నమూనా ఆల్బములు ఆనవాయితీగా తమిళ నెల ఆడి 18వ రోజున, అంటే ఆగస్టు తొలి రోజుల్లో, విడుదల చేస్తాయి. రోజుకో కాగితం చింపే క్యాలెండరు తెలుగు తిథులతో వేయించుకుంటే తెలుగు ఇళ్ళల్లో వంటింటి గోడ మీద ఏడాదంతా ఉంటుంది. డిసెంబరులో పరుగెత్తకుండా సెప్టెంబరులోనే ఆర్డరు ఇచ్చేయండి.

చెన్నైకి ప్రత్యేకమైన ఇంకొక సౌకర్యం పేటల వారపత్రికలు. మైలాపూర్ టైమ్స్, మాంబళం టైమ్స్, అడయార్ టైమ్స్, అన్నానగర్ టైమ్స్, ఆర్కాట్ రోడ్ టైమ్స్ లాంటివి ఆ పేట వార్తలతో ప్రకటనల మీదే నడుస్తూ ఉచితంగా ఇళ్ళకు చేరే పత్రికలు. పెద్ద దినపత్రికలో చిన్న డబ్బా కొనే డబ్బుకు ఇందులో కనిపించే ప్రకటన వస్తుంది. మీ పేటకు ప్రస్తుతం ఏది అచ్చులో వస్తోందో, ఏ వీధుల దాకా పంచుతున్నారో అడిగాకే డబ్బు కట్టండి. ఒకసారి పెద్దగా వేయడం కన్నా నాలుగు వారాలు వరుసగా చిన్నగా వేయడం మంచిది.

తెలుగు సంఘాల ఉగాది సావనీర్లో అర పేజీ అడుగుతారు. ఇవ్వండి, అది అభిమానం కోసం. ప్రకటన ఖర్చు కింద మాత్రం రాసుకోకండి.

ఐదో పని: ఫోన్ ప్రకటన, అదీ కొద్దిగా

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన పెడితే మ్యాపు మీద కొట్టు దగ్గర పిన్ను గుచ్చి చుట్టూ ఎన్ని కిలోమీటర్లో ఎంచుకోవచ్చు. నోటుబుక్కు చెప్పిన దూరమే పెట్టండి. భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే ప్రకటన చూసే జనం తగ్గుతారు. నొక్కగానే మీ వాట్సాప్ తెరుచుకునేలా పెట్టండి. మీరనుకున్న మొత్తం మీద 18 శాతం జీఎస్‌టీ ఉంటుందని లెక్కలో వేసుకోండి. వీడియోకు ఎవరికీ డబ్బివ్వనక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి మెస్సులో గుత్తివంకాయ కూర దించే ఇరవై సెకన్లు, వెనక మీ సొంత గొంతుతో ధర, చిరునామా. అంతే.

చేయకూడనివి

రోడ్డు మీద ఫ్లెక్సీలు కట్టకండి. 2019 సెప్టెంబరులో పళ్ళికరణైలో అనుమతి లేని బ్యానరు మీద పడి స్కూటర్ మీద వెళ్తున్న ఒక యువతి లారీ కింద పడి చనిపోయింది. ఒక ప్రాణం పోయిన తర్వాత దీని మీద వేరే వాదన లేదు. గోడల మీద పోస్టర్లకు కూడా 1959 నాటి చట్టం అడ్డు ఉంది. ఫోన్ నంబర్ల జాబితా కొని ఎస్ఎంఎస్‌లు పంపడం కూడా వద్దు. వ్యాపార సందేశాలకు టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల కింద డీఎల్‌టీ నమోదు, అంటే పంపే సంస్థ పేరు, సందేశాల నమూనాలు టెలికం కంపెనీల దగ్గర ముందే నమోదు చేయించడం, తప్పనిసరి.

ఆరో పని: లెక్క

పేపర్లో వేసిన కరపత్రం పసుపు కాగితం మీద, అపార్ట్‌మెంట్లలో పెట్టింది గులాబీ కాగితం మీద అచ్చు వేయండి. తిరిగొచ్చిన కాగితాలు గల్లా పక్కన డబ్బాలో వేసుకుంటూ పోతే నెలాఖరుకు ఏది పని చేసిందో రంగే చెబుతుంది.

2,000 కాగితాలకు అచ్చు, పంపకం కలిపి 3,000 రూపాయలైంది, 30 మంది వచ్చారు అనుకుందాం. తలకు 100 పడింది. మొదటిసారి ఒక్కొక్కరి మీద మిగిలింది 60 అయితే, వచ్చింది 1,800. ఇంకా 1,200 లోటు. ఇక్కడే చాలామంది "కరపత్రాలు దండగ" అని వదిలేస్తారు. వాళ్ళలో 12 మంది నెలనెలా వస్తే నెలకు 720 మిగులుతుంది. రెండు నెలల్లో లోటు తీరి, ఆ తర్వాతదంతా లాభం. అందుకని ఎంతమంది వచ్చారనే కాదు, ఎంతమంది మళ్ళీ వచ్చారని కూడా రాసుకోవాలి. మూడు నెలలు చూసి, పని చేయనిదాన్ని ఆపి ఆ డబ్బు పని చేసినదానికి మళ్ళించండి.

వేళ కూడా చూసుకోండి. ఆడి మాసంలో టి.నగర్ పెద్ద కొట్లు తగ్గింపుల ప్రకటనలతో ఊరిని ముంచెత్తుతాయి. అప్పుడు బట్టల కొట్టు పోటీకి దిగడం వృథా. దర్జీకి మాత్రం అదే అదను. అక్కడ కొన్న చీరలన్నిటికీ జాకెట్లు కుట్టాలి కదా, పైగా వెంటనే వరలక్ష్మీ వ్రతం. ఆ కరపత్రం ఆడి రెండో వారంలో ఇళ్ళకు చేరాలి. పచ్చళ్ళకు మామిడికాయ రోజులు, పిండిమరకు సంక్రాంతి, దీపావళి ముందు పదిహేను రోజులు.

కొట్టు లేకపోయినా మీరు చేయగలిగింది

మీ వీధి కొట్లు బతకాలని ఉంటే కొనడంతో పాటు ఇంకొంత చేయవచ్చు. అపార్ట్‌మెంట్ గ్రూపులో "ఫలానా కొట్టు బాగుంటుంది" అని ఊరుకోకుండా ఏం కొన్నారో, ఎంతకు కొన్నారో, ఎన్ని గంటలకు తెరిచి ఉంటుందో రాయండి, ఫొటో పెట్టండి. గూగుల్ రివ్యూలో కూడా అంతే. దర్జీ అన్నకు, పూలమ్మే అవ్వకు ఫోన్ పనులు రాకపోతే పక్కన కూర్చుని ప్రొఫైల్ తెరిచి పెట్టండి, లాగిన్ మాత్రం వాళ్ళ నంబరుతో, వాళ్ళ చేతిలోనే ఉండాలి. బారికేడు ఇటు నుంచి అటు మారినప్పుడల్లా మ్యాపులో దారి తప్పుతుంది. "సవరణ సూచించండి" నొక్కి సరిచేసి పంపవచ్చు, అయితే తెరిచే వేళలు, రావలసిన సందు ముందు కొట్టువాళ్ళను అడిగి ఖాయం చేసుకోండి.